పిచ్చుకను పట్టుకున్నట్టు: సముద్ర కయాక్ యాత్రలో మొదటి రోజు

(కొండలెక్కేవాళ్ల ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాలవాళ్లకి వినపడుతోందా? సరే.

నన్ను సముద్ర కయాకింగ్ గురించి మాట్లాడమన్నారు. కయాక్ అంటే తెడ్డుతో నడిపే సన్నటి, పొడవాటి పడవ. అంత పెద్ద విషయం గంటలో నావల్ల కాదు. అందుకని ఒక్క రోజు గురించే మాట్లాడతాను. మొదటి రోజు. మీలో ఇంతవరకు కయాక్ ఎక్కనివాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. ఇప్పటికే ఎక్కినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. మీ మొదటి రోజు గుర్తొచ్చి నవ్వుకుంటారు, అదీ లాభమే.

మొదటి రోజు అనగానే మీకు ఏం కనిపిస్తుంది? నీలం నీళ్లు, ఎరుపూ పసుపూ పడవలు, కొంగల బారులా వరసగా పోవడం. ఫోటోల్లో అలాగే ఉంటుంది కదా. ఫోటోల్లో ఉండనిది నేను చెప్తాను. పొద్దున ఏడింటికి ఒడ్డుకి చేరిన గుంపు నీళ్లలోకి దిగేసరికి పదవుతుంది. ఎప్పుడూ అంతే. ఆ మూడు గంటలు ఏం చేస్తారు? సామాను సర్దుతారు. తీస్తారు. మళ్లీ సర్దుతారు.

ఎందుకంటే, అందరూ ఒక పెద్ద బ్యాగు తెచ్చుకుంటారు. కయాక్ పైభాగంలో ముందొకటి, వెనకొకటి మూతలుంటాయి, హ్యాచ్ అంటారు వాటిని. ఆ మూత ఎంతుంటుందనుకుంటున్నారు? అన్నం తినే పళ్లెమంత. లోపల జాగా బోలెడుంది, దారి మాత్రం అంతే. పెద్ద బ్యాగు అందులోంచి ఎలా దూరుతుంది? దూరదు. అప్పుడు మీ సంసారం మొత్తం ఇసుక మీద పరచుకుని, చిన్న చిన్న డ్రై బ్యాగుల్లోకి, అంటే నీళ్లు చొరని సంచుల్లోకి మార్చుకుంటారు, పదిమంది చూస్తుండగా. ఎవరు ఎన్ని జతల బట్టలు తెచ్చారో అందరికీ తెలిసిపోతుంది.

బరువుల సంగతి కొంచెం శ్రద్ధగా వినండి. అన్నిటికంటే బరువైనవి నీళ్లు. మనిషికి రోజుకి వంటకీ తాగడానికీ కలిపి 4 లీటర్లు అనుకుంటే, మంచినీళ్లు దొరకని చోట 3 రోజులకి 12 లీటర్లు. లీటరు ఒక కిలో కాబట్టి 12 కిలోలు. దాన్ని తీసుకెళ్లి వెనక కొసలో పెడితే ముక్కు పైకి లేస్తుంది, లేచిన ముక్కుని గాలి ఎటంటే అటు తిప్పుతుంది. బరువు ఎప్పుడూ సీటుకి దగ్గరగా, అడుగున, రెండు పక్కలా సమంగా ఉండాలి. నేను చూసిన ఒకాయన నీళ్ల సంచులన్నీ కుడివైపే పెట్టాడు. పొద్దున్నంతా పడవ కుడికి ఒరుగుతుంటే తన నడుములోనే ఏదో లోపం ఉందనుకుని, ఎడమకి వంగి వంగి తెడ్డు వేశాడు. మధ్యాహ్నం ఒడ్డున సంచులు సర్దితే ఆయన నడుము బాగైపోయింది!

ఇంకొకటి, చిన్నదే. టోపీ, తాగేనీళ్లు, ఎండకి రాసుకునే క్రీము చేతికందేలా పెట్టుకోండి. సముద్రం మధ్యలో వెనక హ్యాచ్ తెరవడం అంటే నడుస్తున్న బండి డిక్కీ తెరవడం లాంటిది.

సరే, సర్దడం అయింది. ఇప్పుడు ఎక్కాలి. నిజానికి కయాక్ ఎక్కం, తొడుక్కుంటాం. ఇది నా మాట కాదు, తెడ్డు పట్టినవాళ్లందరూ అనే మాటే. దీని వెనక పెద్ద కథే ఉంది. కయాక్ అనేది ఇన్యూట్ జనం మాట. ఉత్తర ధ్రువం చుట్టుపక్కల చెట్లు మొలవని తీరాల్లో, నీళ్లకి కొట్టుకొచ్చిన కర్రలతోనూ ఎముకలతోనూ చట్రం కట్టి, దానిమీద సీలు అనే సముద్ర జంతువు తోలు బిగించి, వేట కోసం చేసుకున్న పడవ అది. గ్రీన్‌లాండ్‌లో దాన్ని నడిపేవాడి ఒంటి కొలతతోనే కట్టేవాళ్లు. పొడవు చేతులు బార్లా చాపితే వచ్చే కొలతకి మూడింతలు. వెడల్పు తుంటి వెడల్పుకి రెండు పిడికిళ్లు ఎక్కువ. చూశారా, చొక్కా కుట్టించుకున్నట్టు! ఇప్పుడు మనకిచ్చేవి ప్లాస్టిక్‌వో ఫైబర్‌వో, సుమారు 5 మీటర్ల పొడవుంటాయి, అందరికీ ఒకే కొలత. అందుకే కూర్చోగానే కాళ్లు ఆనించే పెడల్స్ సర్దుకోమంటారు, వీపు పట్టీ బిగించుకోమంటారు. మోకాళ్లు పైకప్పుకి లోపలివైపు తగలాలి. మొహమాటపడి "పర్లేదండీ, బానే ఉంది" అనకండి. మొదటిసారి నేను అలాగే అన్నాను. గంట తర్వాత రెండు కాళ్లూ తిమ్మిరెక్కాయి.

లైఫ్ జాకెట్ కూడా అంతే. పట్టీలు బిగించాక పక్కవాళ్లని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా వచ్చిందంటే అది మీ ఒంటిమీద లేనట్టే.

ఇప్పుడు అసలు సంగతి. మీరందరూ మనసులో పెట్టుకుని పైకి అడగని ప్రశ్న. అడగండి పర్లేదు. పడవ బోల్తా పడితే తలకిందులుగా ఇరుక్కుపోతామా? అదే కదా! ఆ భయం నాకూ ఉండేది. ముందురోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఈత బాగా వచ్చినవాళ్లకి కూడా ఉంటుంది, ఎందుకంటే ఇది ఈతకి సంబంధించిన భయం కాదు, ఇరుక్కోవడానికి సంబంధించిన భయం.

ఎలా ఇరుక్కుంటామనుకుంటున్నాం? ఇదిగో, దీనివల్ల. దీన్ని స్ప్రే స్కర్ట్ అంటారు. నడుముకి తొడుక్కుని, ఈ అంచుని కాక్‌పిట్, అంటే మనం కూర్చునే గుంట చుట్టూ తొడుగుతాం. అల మీద పడినా నీళ్లు లోపలికి రావు. మరి మనిషి బయటికెలా రావాలి? ముందువైపు ఈ లూప్ చూశారా? ఇదే తలుపు గడియ. బోల్తా పడ్డారనుకోండి. ముందు ఏం చేస్తారు? చేతులు బయటికి చాపి పడవ అడుగుమీద మూడుసార్లు కొడతారు, టప్ టప్ టప్. ఎందుకు? సాయానికి పిలవడం ఒకటి. అంతకంటే ముఖ్యంగా, మూడు లెక్కపెట్టేలోపు మనసు కుదుటపడుతుంది. తర్వాత ఒంటిని ముందుకి, పడవ మీదకి వంచండి. వెనక్కి కాదు, ముందుకి. అలా అయితే మొహం పడవ చాటున ఉంటుంది. లూప్ పట్టుకుని ముందుకి తోసినట్టు లాగి పైకి ఎత్తండి, స్కర్ట్ ఊడుతుంది. రెండు చేతులూ తుంటి పక్కన ఆనించి, ప్యాంటు విప్పుకున్నట్టు పడవని తోసేయండి. మొత్తం ఐదు సెకన్లు. మీకు మాత్రం ఐదు నిమిషాలనిపిస్తుంది. నిజానికి తలకిందులుగా ఉన్నప్పుడు బయటికి జారడం సులువు, బరువు అటే లాగుతుంది కదా.

బయటికొచ్చాక ఒకే ఒక్క రూలు. పడవని వదలొద్దు. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా ఈదుకుంటూ వెళ్లొద్దు. పడవ లోపల ముందూ వెనకా అడ్డుగోడలు కట్టిన గాలి గదులుంటాయి, అది మునగదు. దూరం నుంచి మనిషి తల కనపడదు, పడవ కనపడుతుంది. సాయానికి వచ్చినవాళ్లు మీ పడవ ముక్కుని తమ పడవ మీదకి అడ్డంగా లాగి నీళ్లు ఒంపి, తిప్పి నిలబెట్టి, మిమ్మల్ని ఎక్కిస్తారు. అలవాటున్న గైడ్‌కి రెండు మూడు నిమిషాల పని. మంచి గైడ్ ఎవరైనా దీన్ని మొదటి రోజే, బయలుదేరకముందే, నడుములోతు నీళ్లలో మీ చేత చేయిస్తాడు. చేయించకుండా "పదండి పదండి" అన్నాడంటే మీరే అడగండి. నాకు నేర్పినాయన అందరికీ మూడేసిసార్లు చేయించాడు. మూడోసారికి ఏమైందో తెలుసా? నేను నీళ్లలో తలకిందులుగా ఉండి కళ్లు తెరిచి చూశాను. అంతా పచ్చగా, నిశ్శబ్దంగా ఉంది.

నీళ్లు చల్లగా ఉండే చోట లెక్క వేరు. అక్కడ గాలిని చూసి కాదు, నీళ్లని చూసి బట్టలు వేసుకోవాలి. పైన ఎండ కాస్తుంటే చన్నీళ్ల కోసం వేసుకునే మందపాటి వెట్‌సూట్‌లో ఉడికిపోతారు, నిజమే. కానీ గాలి కంటే నీళ్లు ఒంట్లో వేడిని ఇరవై రెట్లకి పైగా వేగంగా లాగేస్తాయి. చన్నీళ్లలో పడ్డ మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు. ఆ నిమిషం గింజుకోకుండా తేలుతూ ఉండాలి. జాకెట్ అందుకే.

ఇక తెడ్డు. అందరూ చేసే తప్పేంటో చెప్పనా? గట్టిగా పట్టుకుంటారు. పిడికిలి తెల్లబడేదాకా పట్టుకుంటారు. అదేదో పారిపోతుందన్నట్టు. పావుగంటకి ముంజేతులు పట్టేస్తాయి, గంటకి బొటనవేలి పక్కన బొబ్బలు. మా గైడ్ ఒక మాటన్నాడు: పిచ్చుకని పట్టుకున్నట్టు పట్టుకో, ఎగిరిపోకూడదు, చచ్చిపోకూడదు. అంతే. నీళ్లని తోసేది చేతులు కాదు, నడుము. కాలి బొటనవేలి దగ్గర తెడ్డు ముంచండి, నడుము తిప్పండి, తుంటి దగ్గరికి రాగానే తీసేయండి. ఇంకా వెనక్కి లాగారంటే పడవని నీళ్లలోకి నొక్కుతున్నారు తప్ప ముందుకి నడపట్లేదు. అన్నట్టు, తెడ్డు తిరగేసి పట్టుకోవడం కూడా మామూలే. గుంటగా ఉన్న వైపు మీకేసి ఉండాలి. మీ గుంపులో కనీసం ఒకరు తిరగేసి పట్టుకుంటారు, నవ్వకండి, అది మీరే కావచ్చు.

తెడ్డు కంటే పెద్ద బిగుతు నడుములో ఉంటుంది. అల వచ్చి పడవని అటు ఒరిపింది. మీరు కర్రలా బిగుసుకున్నారనుకోండి, పడవతో పాటు మీరూ ఒరుగుతారు, తల పడవ అంచు దాటుతుంది, ఇక అంతే సంగతులు. నడుము వదులుగా ఉంటే? పడవ కింద ఊగుతుంది, తల మధ్యలోనే ఉంటుంది. పడవని ఊగనివ్వండి. ఊగడం దాని పని. భయం వేసినప్పుడు తెడ్డు గాల్లోకెత్తి ఆగిపోతారు చూడండి, అదీ తప్పే. సైకిల్ ఆగితే పడిపోతుంది, తొక్కుతుంటే నిలబడుతుంది. తెడ్డు నీళ్లలో ఉన్నంతసేపూ అది మీ మూడో కాలు.

ఎంత దూరం పోగలమండీ అని ఎవరో ఒకరు అడుగుతారు ఎప్పుడూ. ఆస్కార్ స్పెక్ అని ఒక జర్మన్, 1932లో ఉల్మ్ ఊరి దగ్గర డాన్యూబ్ నదిలో మడతపెట్టే కయాక్ వేసుకుని బయలుదేరాడు. తీరాల వెంబడి పోయి పోయి, మన దేశం తీరం కూడా దాటుకుని, ఏడేళ్లకి 1939లో ఆస్ట్రేలియా నేల మీద అడుగుపెట్టాడు. అప్పటికి యుద్ధం మొదలైంది. శత్రుదేశం మనిషని పట్టుకుని లోపలేశారు. అంత దూరం పోవచ్చు. మీరు మాత్రం మొదటి రోజు 8, 10 కిలోమీటర్లు పోతే గొప్ప.

ఎందుకంత తక్కువ? గాలి వల్ల. కొత్తవాళ్లకి సముద్రం అంటే అలలే అనిపిస్తుంది. అసలు ప్రత్యర్థి గాలి. పక్కనుంచి గాలి వీచిందంటే కయాక్ ముక్కు తనంతట తానే గాలికేసి తిరుగుతుంది. ఎందుకో ఆలోచించండి. పడవ ముందుకి పోతున్నప్పుడు ముక్కు నీళ్లని చీల్చుకుంటూ ఉంటుంది, అక్కడ నీటి పట్టు ఎక్కువ. తోక దగ్గర పట్టు తక్కువ. గాలి తోకని పక్కకి తోసేస్తుంది, ముక్కు ఎదురు తిరుగుతుంది. ఇది తెలియక కొత్తవాళ్లు అరగంటసేపు ఒకే పక్క తెడ్డు వేసి, భుజం పట్టేసి, "నా పడవ వంకరండీ" అంటారు. పడవ కింద స్కెగ్ అని చిన్న రెక్క ఉంటుంది, దాన్ని దించితే తోకకి పట్టొస్తుంది. కొన్నిటికి చుక్కాని ఉంటుంది. ఆ తాడో పెడలో ఎక్కడుందో ఒడ్డుమీదే అడిగి పెట్టుకోండి.

ఇక్కడ నా కోపం కథ ఒకటి చెప్పాలి. నా మొదటి యాత్ర. ఎనిమిదిమందిమి, గైడ్ ఒకడు, వెనక ఒక సహాయకుడు. అనుకున్న దూరం 11 కిలోమీటర్లు. గంటకి 4 కిలోమీటర్ల లెక్కన మూడు గంటలైనా పట్టదు, కాగితం మీద. పన్నెండున్నరకి ఒక రాతి కొన దగ్గరికొచ్చాం, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ. మేమున్న చోట నీళ్లు అద్దంలా ఉన్నాయి. గైడ్ తెడ్డు నిలువుగా పైకెత్తాడు, అంటే నా దగ్గరికి రండి అని. పడవలన్నీ పక్కపక్కన చేర్చి, ఒకరి పడవ ఒకరం పట్టుకుని తెప్పలా నిలబడ్డాం. కొన అవతలికి చూపించి, "అక్కడ తెల్లగా ఏంటి?" అన్నాడు. దూరంగా నీళ్ల మీద తెల్ల చుక్కలు. ఎవరో పక్షులన్నారు. అవి పక్షులు కావు, అలల నురగ.

"ఈ రోజుకి ఇంతే" అన్నాడు. పక్కనే చిన్న ఇసుక ఒడ్డుకి తిప్పించాడు. మొత్తం వచ్చింది 5 కిలోమీటర్లు. నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బు కట్టాం, సెలవు పెట్టాం, మధ్యాహ్నం ఒంటిగంటకి ఒడ్డున కూర్చోబెడతాడా? నీళ్లు ఇంత నున్నగా ఉంటే! అని గుంపులో నేనే గట్టిగా అన్నాను. ఆయన వాదించలేదు. సాయంత్రం నాలుగింటికి ఆ కొండ మీదకి నడిపించుకెళ్లాడు. పైకెక్కగానే గాలికి టోపీ ఎగిరిపోయింది. అవతలివైపు సముద్రమంతా తెల్లగా ఉంది. ఒక్కడూ మాట్లాడలేదు. నేనైతే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ వెతకడానికి పోయాను.

ఆ నున్నటి నీళ్లలోనే ఉంది కిటుకు. గాలి ఒడ్డునుంచి సముద్రం వైపు వీస్తుంటే, ఒడ్డు దగ్గర నీళ్లు కొండ చాటున అద్దంలా ఉంటాయి. పోయేకొద్దీ అలలు పెరుగుతాయి. పోవడం ఎంత సులువో! గాలి వెనకనుంచి తోస్తుంది. ఎంత బాగా తెడ్డు వేస్తున్నానో అనుకుంటాం. వెనక్కి తిరిగినప్పుడు తెలుస్తుంది. మామూలుగా కొత్తవాళ్ల గుంపుని 10 నాట్లు, అంటే గంటకి సుమారు 18 కిలోమీటర్ల గాలి దాటితే తీసుకెళ్లకూడదని నా లెక్క. దానికే ఎదురుగా తెడ్డు వేస్తే వేగం సగానికి పడిపోతుంది, ఆగిన క్షణం వెనక్కి కొట్టుకుపోతాం. ఎండ ముదిరాక తీరంలో గాలి పెరగడం చాలాచోట్ల మామూలే, అందుకే నేను ఇందాక సర్దుడు సర్దుడని అంతసేపు గోల పెట్టింది. ఆ రోజు మేం ఏడింటికే కదిలి ఉంటే గాలి లేవకముందే కొన దాటేవాళ్లమేమో. ఆయన ఆ మాట కూడా అనలేదు, నాకు తర్వాత తట్టింది.

గుంపు సంగతి ఒక్కటి. అందరికంటే మెల్లగా పోయేవాళ్లు ముందుండాలి. మీరు కొండలెక్కేవాళ్లు కదా, మీకు తెలుసు. వేగంగా పోయేవాళ్లు ముందుకెళ్లి ఆగుతారు, మెల్లగా వచ్చేవాళ్లు ఆయాసపడుతూ చేరగానే "హా, వచ్చేశారా, పదండి" అంటారు. అంటే విశ్రాంతి ఎవరికి దొరికింది? అవసరం లేనివాళ్లకి. సముద్రంలో ఇది మర్యాద సమస్య కాదు, ప్రమాదం. ఈల మూడుసార్లు వినపడితే ఆపద అని, తెడ్డు తలపై అడ్డంగా పట్టుకుంటే ఆగమని మీ గైడ్ చెప్తాడు. కొన్ని గుర్తులు గుంపుని బట్టి మారతాయి, ముందే ఖాయం చేసుకోండి.

ఒడ్డుకి చేరడం మిగిలింది. నేర్చుకోవడానికి పడ్డవి తీసేస్తే, నేను మొదటి రోజు దారంతా ఒక్కసారి కూడా పడలేదు. ఎక్కడ పడ్డానో తెలుసా? మోకాలి లోతులో. ఒడ్డు వచ్చేసిందన్న సంతోషంలో పక్కనున్న స్నేహితుణ్ణి చూడ్డానికి తల తిప్పాను. నాతో పాటు పడవ కూడా కొంచెం తిరిగింది. అల వచ్చి పక్కనుంచి ఎత్తి వేసింది. ఇసుక నోట్లో. ఒడ్డున విరిగే అలలకి పడవ ఎప్పుడూ నిలువుగా ఉండాలి. అలలు గుంపులుగా వస్తాయి, పెద్దవి కొన్ని, తర్వాత కాస్త చిన్నవి. ఆగి లెక్కపెట్టి, చిన్నవాటిలో ఒకదాని వీపున తెడ్డు వేసుకుంటూ రావాలి.

లేచి నిలబడ్డాను, పడవకీ ఒడ్డుకీ మధ్యలో. వెనకనుంచి సహాయకుడు "పక్కకి రా" అని అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నీళ్లు నిండిన పడవంటే నూటయాభై, రెండువందల కిలోలు. అల దాన్ని తోస్తే మీ ముంగాలు ఆపగలదా? పడవకి సముద్రంవైపో, కొసవైపో ఉండాలి, ఒడ్డువైపు ఎప్పుడూ వద్దు. నేను పక్కకి దూకాను, కాళ్లు తిమ్మిరెక్కి మళ్లీ పడ్డాను.

రాత్రి గురించి రెండు ముక్కలు. పడవల్ని పోటు గీత దాటించి కట్టండి. ఎండిన నాచు వరసగా పడి ఉంటుంది చూడండి, అదే గీత. రోజుకి రెండు పోట్లు వచ్చే తీరంలో నీళ్లు దాదాపు ఆరు గంటలు ఎక్కుతాయి, ఆరు గంటలు దిగుతాయి. కానీ సమంగా ఎక్కవు. మొదటి గంటలో పన్నెండో వంతే, మధ్యలో రెండు గంటల్లో మొత్తంలో సగం ఎక్కుతాయి. మెల్లగానే వస్తున్నాయిలే అని పడుకుంటారు, అక్కడే మోసపోతారు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఆ నాచు గీత కూడా నమ్మొద్దు, ఇంకా పైకి లాగండి. ఎవరూ లాగడానికి ఇష్టపడరు, ఒళ్లు హూనమై ఉంటుంది. నలుగురు పట్టుకుంటే అయిపోతుంది.

నాకిచ్చిన టైము అయిపోయినట్టుంది. ఇంకొక్కటి, ఇది చెప్పేది కాదు, చేసేది. ఆ మొదటి పొద్దున నేను బయలుదేరబోతుంటే గైడ్ నా దగ్గరికొచ్చి, ఏమీ అనకుండా నా స్కర్ట్ ముందు అంచు కిందకి వేలు పెట్టి లూప్‌ని బయటికి లాగి పెట్టాడు. హడావుడిలో నేను దాన్ని లోపలికి మడిచేశాను. ఒకరోజంతా అలాగే పోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఈ స్కర్ట్ ముందు వరసకి ఇస్తున్నాను. ఒకరు నడుముకి తొడుక్కోండి. కళ్లు మూసుకుని లూప్ వెతికి లాగండి. తర్వాత పక్కవాళ్లకివ్వండి. అమ్మా, మీరు కళ్లు తెరిచి చూస్తున్నారు. మళ్లీ చేయండి.